ఛాసిస్‌కు తుప్పు పడితే...

ప్రశ్న: నాన్నగారి పాత మహీంద్రా జీపు ఛాసిస్ తుప్పు పట్టింది. పైన రేకు అతికిస్తే చాలా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: చాలదండీ. రేకు కింద తుప్పు తింటూనే ఉంటుంది. ఛాసిస్‌ను సుత్తితో తట్టి చూడండి. ఖంగుమంటే ఇనుము గట్టిదే. మొద్దుగా పలికినా, స్క్రూడ్రైవర్ దిగినా ఆ ముక్క తీసేయాల్సిందే.

ముందుగా బ్యాటరీ విప్పించి, ఇంధన ట్యాంకు దింపించండి. బండిని స్టాండ్లపై సమంగా నిలిపి, మూల నుంచి మూలకు కొలతలు రాసుకోండి. మంచి ఇనుము కనిపించేదాకా కోయించి, అంతే మందం ప్లేటు వెల్డింగ్ చేయించండి. తర్వాత జింక్ ప్రైమర్ వేయించండి. నీళ్లు కారే రంధ్రాలు మూయకండి.

ఛాసిస్ నంబరున్న చోట గ్రైండర్ తగలనివ్వకండి. ఆర్టీఏ తనిఖీలో అదే ఆధారం. స్టీరింగ్ బాక్సు, స్ప్రింగ్ పట్టీలు బిగించే చోట తుప్పుంటే మరమ్మతయ్యేదాకా బండి నడపకండి. నాన్నగారి జ్ఞాపకం కన్నా మీ ప్రాణం విలువైనది.