ఊపిరితిత్తులలోని బుడిపెలు

ఎక్స్‌రేలో ఊపిరితిత్తులయందు తెల్లని మచ్చ కనబడినదని వినగానే ఇంటిల్లిపాదియు బెదరుదురు. 3 సెంటీమీటర్లకు మించని గుండ్రని మచ్చను బుడిపె అందురు. వీనిలో పెక్కు క్యాన్సరు కావు. కొన్ని మానిన క్షయ గుర్తులు. మరికొన్ని ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధికి చిహ్నములు. ఈ కడపటివానిని గూర్చి కోలారు బంగారు గనుల చరిత్ర మనకు బోధించును.

అచ్చటి బంగారము పలుగురాతిలో నుండెడిది. తెలుగు, తమిళ కూలీలు భూగర్భమున ఆ రాతిని తొలుచుచుండగా సన్నని సిలికా ధూళి శ్వాసతో లోనికి చేరెడిది. శరీరమును కాపాడు కణములు ఆ ధూళిని మ్రింగును గాని, హరింపజాలక తామే నశించును. అచ్చట వాపు పుట్టి, నారవంటి గట్టి బుడిపె ఏర్పడును. బుడిపెలు ఒకదానితో నొకటి కలిసినకొలది ఆయాసము హెచ్చును. ఇదియే సిలికోసిస్. మన దేశమున ఇది మొదట 1934లో ఆ గనులలోనే నమోదయ్యెను.

గనులు 2001లో మూతపడినవి. కాని లోపలి ధూళి తొలగదు. పని మానిన కొన్నియేండ్లకును వ్యాధి ముదురవచ్చును. క్షయ, క్యాన్సరు కలుగు అపాయమును హెచ్చును. రాతి క్వారీలలో నేడును ఇదే ధూళి లేచుచున్నది. రాతిని తడిపి తొలిచినచో ధూళి తగ్గును.

తలిదండ్రులకు మా మనవి: బుడిపె కనబడినచో, రోగి ఏ ధూళిలో ఎన్నియేండ్లు పనిచేసెనో, పొగ త్రాగెనో లేదో వైద్యునికి దాచక చెప్పుడు. పాత ఎక్స్‌రేలను పారవేయకుడు. వానితో పోల్చి చూచినచో బుడిపె పెరిగినదో, నిలిచియున్నదో వైద్యుడు తెలిసికొనగలడు. పిల్లలారా! తాతగారి పెట్టెలోని ఆ పాత చిత్రమును మీరే భద్రపరచుడు.