కంపైలరు చేయు పని

కంప్యూటరు ఎరిగినవి సున్న, ఒకటి యను రెండు గుర్తులు మాత్రమే. ప్రోగ్రాము వ్రాయువాడు తనకు సులభమగు భాషలో వ్రాయును. దానిని యంత్రభాషలోనికి మార్చు సాధనమునకు కంపైలరని పేరు. 1957వ సంవత్సరమున జాన్ బేకస్ నాయకత్వమున ఐ.బి.ఎం. వారు వెలువరించిన ఫోర్ట్రాన్ కంపైలరు ఈ విద్యకు గొప్ప పునాది యయ్యెను.

కంపైలరు పని మీ వ్యాకరణ పాఠమును పోలియున్నది. మొదట అక్షరముల వరుసను పదములుగా విడదీయును. పిమ్మట ఆ పదములు సూత్రముల ననుసరించి వాక్యమైనవా యని చూచును. తరువాత, సంఖ్య యుండవలసిన చోట పేరు నుంచితిమా యని అర్థవిచారము చేయును. ఈ మూటియందును తప్పు లేనియెడలనే యంత్రాజ్ఞలను వ్రాయును.

అయితే వ్రాతలో దోషము లేకున్నను నడకలో ఆపద రావచ్చును. "క ను ఖ తో భాగింపుము" అను వాక్యము నిర్దుష్టమే. కాని ఖ సున్న యైనచో? ఇట్టి ఆపదను ఎక్సెప్షను అందురు. దానికి ఉపాయమును ముందే వ్రాసియుంచవలెను. ఆపద కలిగిన భాగమున ఉపాయము లేనిచో, ఆ భాగమును పిలిచిన భాగమున వెదకబడును; అచ్చటను లేనిచో, దానిని పిలిచిన దానియందు. ఎచ్చటను లేనిచో ప్రోగ్రాము ఆగిపోవును.

ఆగిన నేమి యందురా? వినుడు. 1996 జూన్ 4వ తేదీన ఫ్రెంచి గయానా నుండి యూరపువారి ఏరియేన్ 5 రాకెట్టు మొదటిసారి ఎగిరెను. దాని గమనమును కొలుచు యంత్రములోని ప్రోగ్రాము పూర్వపు ఏరియేన్ 4 నుండి తెచ్చినది. అందొక సంఖ్యను 16 బిట్ల గదిలో నుంచవలసి యుండెను. ఆ గదిలో 32,767కు మించిన సంఖ్య పట్టదు. (2ను పదునైదు మారులు వేసి గుణించి, 1 తీసివేసి చూడుడు.) పాత రాకెట్టులో ఆ సంఖ్య అంత పెరుగదు గాన దానికి కాపుదల పెట్టరైరి. క్రొత్త రాకెట్టు వేగము హెచ్చగుటచే సంఖ్య గదిని మించెను. ఎక్సెప్షను కలిగెను, ఉపాయము లేదు, యంత్రము ఆగెను. తోడుగా నుంచిన రెండవ యంత్రమునందును అదే ప్రోగ్రాము గాన అదియు ఆగెను. సుమారు 40 సెకండ్లలో రాకెట్టును, అందలి నాలుగు ఉపగ్రహములును నాశనమయ్యెను. ఇంతకును ఆ లెక్క, రాకెట్టు నేల విడిచిన పిమ్మట అక్కరలేనిది!

ఇట్లు ఇతరులు వ్రాసిన భాగములను తెచ్చుకొనుట నేడు సర్వసాధారణము. వానికి ప్యాకేజీలని పేరు. క కు ఖ యును, ఖ కు గ యును కావలసినచో, ముందు గ, పిమ్మట ఖ, తుదకు క సిద్ధము కావలెను. గ లేనిచో అన్నియు నిలిచిపోవును. 2016 మార్చిలో ఎన్.పి.ఎం. అను భాండారమునుండి 'లెఫ్ట్ ప్యాడ్' అను ప్యాకేజీని దాని కర్త తీసివేసెను. అది 11 పంక్తులదే. అయినను దానిపై నాధారపడిన వేలకొలది ప్రోగ్రాముల నిర్మాణము నిలిచిపోయెను. కొన్ని గంటలలోనే దానిని మరల నుంచవలసి వచ్చెను.

కాబట్టి పిల్లలారా, పరుల పనిని తెచ్చుకొనుట తప్పు కాదు. అది యే కొలతకు చేయబడినదో విచారింపకుండుటయే తప్పు. "ఇట్లు జరుగదు" అని మీరు తలచిన ప్రతిచోటను, "జరిగినచో?" అని యొకమారు ప్రశ్నించుకొనుడు.