ఇనుప పంటుకు సొట్ట పడినప్పుడు

నరసాపురము, సఖినేటిపల్లి వంటి గోదావరి రేవులలో ఇనుప పంటును ఎరుగనివారుండరు. రేవుగట్టుకు తాకియో, వేసవిలో ఇసుకమేటపై కూర్చుండియో దాని రేకుకు సొట్టలు పడుట సహజము. సొట్టను చూడగానే సుత్తికై వెదకుట మనకు అలవాటు. అది తొందరపాటు.

ముందు లోపలివైపు చూడవలెను. అయితే మూతవేసియున్న గదిలోనికి వెంటనే దిగరాదు. తుప్పుపట్టు ఇనుము గాలిలోని ప్రాణవాయువును హరించును. అట్టి గదిలో దిగినవాడు కేకవేయుటకైనను వ్యవధి లేక పడిపోవును. మూతలన్నియు తీసి, పంకాతో చాలసేపు గాలి తోలి, ప్రాణవాయువును కొలుచు పరికరముతో పరీక్షించి, పైన ఒకరిని కాపుంచి మరీ దిగవలెను.

రేకును మోయు కమ్ములు వంగినవా, అతుకులు విడినవా అని పరిశీలించవలెను. అతుకునకు ఒకవైపు సుద్దనీరు పూసి ఆరనిచ్చి, రెండవవైపు కిరసనాయిలు రాచినచో, కంటికానని పగులు సైతము సుద్దపై తడిమచ్చగా బయటపడును. పగిలిన రేకును, తుప్పుతో పలుచబడిన రేకును కోసి క్రొత్తది అతుకవలసినదే. కమ్మి వంగినచో ముందు దానినే సరిచేయవలెను. లేనిచో రేకు మరల పాత వంపునకే వచ్చును.

మంచి రేకుపై సొట్టను, జాకీ మొనకు కొయ్యదిమ్మె అడ్డముంచి, లోపలినుండి మెల్లగా నెట్టవలెను. ఒకేచోట సుత్తితో మోదినచో రేకు సాగి, నూనెడబ్బా అడుగువలె ఇటు నొక్కిన అటు ఉబుకుచుండును. సాగినదానిని కుదించునది నిప్పే. కిరసనాయిలు, డీజిలు, పాతరంగు శుభ్రముగా తొలగించిన పిదప, రూపాయిబిళ్లంత చోటును మసక ఎరుపు వచ్చువరకు, 650 డిగ్రీల సెంటిగ్రేడు మించకుండ కాచి చల్లారనీయవలెను. కాగినచోటు వ్యాకోచింపబోగా చుట్టునున్న చల్లని రేకు అడ్డగించును. అందుచే అది దళసరియై, చల్లారునపుడు ముడుచుకొనును. అల్యూమినియము పడవకు ఈ పద్ధతి తగదు. అది ఎర్రబడకయే కరగును!

నునుపు వచ్చినదో లేదో కన్ను ఒక్కటే చెప్పజాలదు. ముడులు లేని సన్నని టేకుబద్దకు సుద్ద రాచి, పడవ వంపు వెంబడి ఆనించి రుద్దినచో, మిట్టలకు సుద్ద అంటును, పల్లములు నల్లగా మిగులును. రెండుమూడు మిల్లీమీటర్ల పల్లమునకు, ఇనుము మెరయునట్లు గోకి తుప్పు నిరోధించు రంగు వేసిన తరువాత, ఎపాక్సీ లప్పము పెట్టవచ్చును. బొటనవ్రేలి మందమున లప్పము మెత్తి పని ముగించు మేస్త్రీలు లేకపోలేదు. దానిక్రింద నీరు చేరి రేకును తినుచుండగా, రేవుకు వచ్చినవారు పైరంగును నమ్మి పిల్లలతో పంటు ఎక్కుదురు.