పెరటికోళ్లలో మనుష్యులపై బడు పుంజులు - రైతులు గమనింపవలసిన సంగతులు

రైతుల యిండ్లలో కోళ్లకు గింజలు వేయుటయు, గుడ్లు ఏరుటయు తఱచుగా స్త్రీలును చిన్నపిల్లలును చేయు పని. పుంజు మీదబడుట మొదలిడినచో మొదట గాయపడువారు వీరే. పెద్దవారికి మోకాలివద్ద తగులు దెబ్బ, కూర్చున్న బిడ్డకు కంటికి తగులవచ్చును. కావున దీనిని నవ్వులాటగా నెంచరాదు.

కారణములు: పుంజు అయిదాఱు మాసముల ప్రాయమున కూయనేర్చి, పెట్టలను కాచుకొన మొదలిడును. ఇది దాని స్వభావము. పుంజులు హెచ్చయినను, చోటు ఇఱుకైనను, పిల్లలు రెచ్చగొట్టినను ఆ స్వభావము మితిమీఱును.

చేయవలసిన పనులు:

1. ఎనిమిది లేక పది పెట్టలకు ఒక పుంజు చాలును. మిగిలినవానిని అమ్మివేయవలెను.

2. మీదికి వచ్చు పుంజును తన్నరాదు, కఱ్ఱతో కొట్టరాదు. దానిని అది పోరుగా నెంచి మరల వచ్చును. వెన్నిచ్చి పరుగెత్తినచో మఱింత తఱుమును. కదలక నిలిచి, చేటనైనను గంపనైనను అడ్డము పెట్టి, మెల్లగా ప్రక్కకు నెట్టవలెను.

3. గింజలు వేయునప్పుడును, గుడ్లు ఏరునప్పుడును దానిని గంపక్రింద మూయవలెను.

4. కాలి వెనుకనుండు ముల్లుయొక్క వాడికొనను మాత్రము ఆకురాతితో అరగదీయవచ్చును. లోపల నెత్తురుండును గనుక మొదలంట కోయరాదు.

5. ముల్లు గ్రుచ్చుకొన్నచో సబ్బునీటితో కడిగి, ధనుర్వాతము రాకుండ సూదిమందుకై వైద్యునియొద్దకు పోవలెను. కంటికి తగిలినచో క్షణమైనను తడయరాదు.

ఇన్ని చేసినను మానని పుంజును ఉంచుకొనరాదు. పుంజు లేనిదే పెట్టలు గుడ్లు పెట్టవని కొందఱు భయపడుదురు. ఇది పొరపాటు. పుంజు లేకున్నను పెట్టలు గుడ్లు పెట్టును. ఆ గుడ్లు పిల్లలగుటకు మాత్రము పనికిరావు. లోపల పిండము పెరుగదు గనుక వేసవిలో అవి ఎక్కువదినములు నిలుచును.

పిల్లలు కావలసినవారు సాధువైన పుంజును తెచ్చుకొనవలెను. మొదటి పుంజును తీసివేసిన మూడు వారములవరకును దాని సంతతి గుడ్లు రావచ్చును గనుక, ఆ పిమ్మటనే పొదుగ వేయవలెను.

పౌరుషము కలదని పొగరుబోతు పుంజును నిలిపి, సాధువైనదానిని కూరకు కోయుట పలుచోట్ల కలదు. ఇట్లు చేసినచో ఆ దుర్గుణము పిల్లలకును కొంత సంక్రమించి, యేటేట హెచ్చును. పుచ్చుగింజను విత్తనమునకు దాచు రైతు ఎవడును లేడు. కోళ్లయందును అదే వివేకము చూపవలెను.