దూరము మారలేదు

గోళముపై లండన్ నగరమునకును సిడ్నీ నగరమునకును నడుమ నొక దారమును బిగించి పట్టినచో, ఆ రెండింటికి మధ్యగల మిక్కిలి దగ్గరి మార్గము తెలియును. దాని పొడవు సుమారు 17,000 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. అందు సగమునకు మించి ఏ రెండు స్థలములును ఎడముగా నుండజాలవు. అనగా ఈ నగరములు దాదాపు భూమికి ఆవలి వైపున నొకటి, ఈవలి వైపున నొకటి యున్నవి. ఈ దూరము ఎన్నడును మారలేదు. మారినది ప్రయాణకాలము మాత్రమే.

1919లో ఆస్ట్రేలియా ప్రభుత్వము, ఇంగ్లండునుండి ముప్పది దినములలో విమానముపై తమ దేశము చేరు ఆస్ట్రేలియా వైమానికులకు పదివేల పౌనులు బహుమానముగా నిత్తునని ప్రకటించెను. రాస్ స్మిత్, కీత్ స్మిత్ అను సోదరులు ఇద్దరు యంత్రకారులతో కూడ నవంబరు 12న లండన్ సమీపమున బయలుదేరిరి. వారు కూర్చుండు చోటికి పైకప్పు లేదు. మంచుగాలి ముఖమున కొట్టుచుండెను. ఢిల్లీ, కలకత్తాల మీదుగా జావాదీవియందలి సురబాయ చేరగా, విమానచక్రములు బురదలో దిగబడెను. అచటి ప్రజలు తమ యిండ్ల వెదురు తడికలు తెచ్చి నేలపై పరచిరి. ఆ తడికల బాటమీదనే విమానము పైకెగసెను. డిసెంబరు 10న వారు ఆస్ట్రేలియా ఉత్తరతీరమున డార్విన్ చేరిరి. కాని యీ పందెమునకు బయలుదేరిన యితరులలో నలుగురు ప్రాణములు గోల్పోయిరి.

పిదప ఈ మార్గమున ప్రయాణికుల విమానములు నడువజొచ్చెను. ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. 1942లో సింగపూరు జపానువారి వశమగుటచే దారి తెగిపోయెను. అప్పుడు ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమునుండి సింహళమునకు, నడుమ ఎచటను దిగకుండ, హిందూమహాసముద్రముమీదుగా కాటలినా విమానములను నడపిరి. దూరము సుమారు 5,600 కిలోమీటర్లు; కాలము 27 గంటలు మొదలు 33 గంటల వరకు. ఇంధనపు బరువు మిక్కుటమగుటచే ముగ్గురు ప్రయాణికులకు, కొద్దిపాటి ఉత్తరముల సంచులకు మాత్రమే చోటుండెను. శత్రువులు పసిగట్టుదురని వైమానికులు రేడియోను మూసి, నక్షత్రములను జూచి త్రోవ తెలిసికొనుచుండిరి. ఒక్క ప్రయాణములోనే సూర్యోదయము రెండుమారులు కానవచ్చుచుండెను.

యుద్ధానంతరము 1947 డిసెంబరు 1న సిడ్నీనుండి బయలుదేరిన విమానము డార్విన్, సింగపూరు, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీలలో ఆగుచు, నాలుగు దినములలో లండన్ చేరెను.

2019 నవంబరులో ఒక విమానము లండన్‌నుండి సిడ్నీకి ఎచటను ఆగక 19 గంటల 19 నిమిషములలో వచ్చెను. అయినను, రెండువందలమందికి పైగా పట్టు ఆ విమానమున సుమారు ఏబదిమందినే యెక్కించిరి. ఏలయన, దూరము పెరిగినకొలది ఇంధనము పెరుగును. ఆ ఇంధనపు బరువును మోయుటకు మరికొంత ఇంధనము కావలెను. మనుష్యుని ఓర్పునకును మేర కలదు. అందుచేత ఆ ప్రయాణమున వైమానికుల మెలకువను, ప్రయాణికుల నిద్రను శాస్త్రజ్ఞులు పరిశీలించిరి. వారికిని సూర్యోదయము రెండుమారులు కానవచ్చెను.

ప్రయాణపట్టికలో దూరము, కాలము అను రెండంకెలు ప్రక్కప్రక్కనే యుండును. మొదటిది భూమి యిచ్చినది. రెండవది మనుష్యులు కష్టించి సంపాదించినది. అందు సురబాయ ప్రజల వెదురు తడికలకును పాలు కలదు.