గుర్రాలకు నీళ్లు పట్టిన సారథి: పరీక్షల చివరి వారాల్లో మన పని



ఈ వారం వీడియోలో సైంధవ వధ మొదటి భాగం చెప్పుకున్నాం కదా. నిడివి బాగా పెరిగిపోతోందని ఎడిటింగ్‌లో ఒక ఘట్టం తీసేయాల్సి వచ్చింది. నిజానికి ఈ మార్చి నెలలో అన్నిటికన్నా ముందు చెప్పుకోవాల్సింది ఆ ఘట్టమే. మీ తమ్ముడో చెల్లెలో, బాబాయి కొడుకో, అక్క కూతురో టెన్త్ గానీ ఇంటర్ గానీ రాస్తుంటే ఈ పోస్ట్ మీకోసం. వాళ్లకి ఫార్వర్డ్ చేయకండి. వాళ్లకి ఇప్పుడు చదవాల్సినవి వేరే చాలా ఉన్నాయి.

ముందు కథ చూద్దాం. యుద్ధంలో పద్నాలుగో రోజు. ముందురోజే అభిమన్యుడు పోయాడు. సూర్యుడు అస్తమించేలోగా సైంధవుణ్ణి చంపుతాను, లేదంటే అగ్నిప్రవేశం చేస్తాను అని అర్జునుడి ప్రతిజ్ఞ. భారతంలో ఇంతకన్నా గట్టి డెడ్‌లైన్ నాకైతే ఇంకోటి కనిపించలేదు. ద్రోణుడు వ్యూహం మీద వ్యూహం పన్ని సైంధవుణ్ణి ఎక్కడో చివర దాచాడు. పొద్దున్నించీ రథం పరిగెడుతూనే ఉంది. మధ్యాహ్నమయ్యేసరికి గుర్రాలు డస్సిపోయాయి. ఒంటినిండా బాణాలు, పైగా దాహం. సైంధవుడు చూస్తే ఇంకా చాలా దూరంలో ఉన్నాడు.

అప్పుడు అర్జునుడే నోరు విప్పి అడుగుతాడు. గుర్రాలు అలిసిపోయాయి, వీటిని విప్పి బాణాలు తీస్తే మంచిదనిపిస్తోంది, నువ్వేమంటావు అని. కృష్ణుడు "ఇప్పుడా? టైమెక్కడుంది?" అనలేదు. నాకూ అదే అనిపిస్తోంది అన్నాడు, అంతే. అర్జునుడు రథం దిగి, నేల మీద నిలబడి, మీదికొస్తున్న సైన్యాన్ని ఒక్కడే ఆపాడు. ఈలోగా కృష్ణుడు ఇంకో సంగతి గమనించాడు: వీటికి కావాల్సింది స్నానం కాదు, తాగడానికి నీళ్లు, ఇక్కడ నీళ్లు లేవు. అర్జునుడు అస్త్రంతో నేలను కొట్టి కొలను పుట్టించాడు. బాణాలతోనే ఒక ఇల్లులాంటిది కట్టాడు. ఆ నీడలో కృష్ణుడు గుర్రాల ఒంట్లోంచి బాణాలు తన చేతులతో తీసి, ఒళ్లు రుద్ది, నేల మీద పొర్లనిచ్చి, నీళ్లు తాగించి, మేత పెట్టాడు. చుట్టూ శత్రుసైన్యం, నెత్తిన పొద్దు జారిపోతోంది. ఆయన ముఖంలో కంగారు లేదు, నవ్వుతూనే ఉన్నాడట. పని పూర్తయ్యాక మళ్లీ గుర్రాలు కట్టి రథం తోలితే, ఆ వేగం చూసి కౌరవ వీరులు నిర్ఘాంతపోయారు.

ఇదంతా వ్యాస భారతం ద్రోణపర్వంలో ఉంది. నేను మొదటిసారి చదివినప్పుడు ఇది యుద్ధం మధ్యలో చిన్న విరామంలే అనుకుని దాటేశాను. ఇప్పుడు చూస్తే సారథి అంటే ఎవరో చెప్పే ఘట్టం ఇదే అనిపిస్తోంది. కృష్ణుడు విల్లు అందుకోలేదు. అర్జునుడికి కొత్త అస్త్రం నేర్పలేదు. "నీ ప్రతిజ్ఞ గుర్తుందా?" అని మళ్లీ గుర్తుచేయలేదు, ఎందుకంటే అర్జునుడికి ఆ రోజు అది తప్ప ఇంకేమీ గుర్తులేదు.

మన పిల్లలకీ అంతే. "ఇంకా పది రోజులే ఉంది" అని మనం చెప్పాలా? గోడ మీద టైమ్‌టేబుల్ అంటించుకుంది వాళ్లే.

సరే, మరి మనం ఏం చేయాలి?

ఆఫీసుల్లో రిలీజ్ దగ్గరపడితే కోడ్ ఫ్రీజ్ పెడతారు, సాఫ్ట్‌వేర్ వాళ్లకి తెలిసిందే. ఆ తర్వాత కొత్త ఫీచర్ ముట్టుకోకూడదు, ఉన్నది పనిచేస్తోందో లేదో చూసుకోవడమే. చివరి రెండు వారాల్లో ఇంట్లో కూడా అలాంటి ఫ్రీజ్ ఒకటి కావాలి. కొత్త గైడ్ వద్దు, కొత్త ట్యూషన్ వద్దు, ఎవరో చెప్పిన యూట్యూబ్ క్రాష్ కోర్సు అసలే వద్దు. మనం ప్రేమతోనే పంపుతాం లింకులు. కానీ ఆ పిల్లకి ప్రతి లింకూ "నీకు రానిది ఇంకా ఇంత ఉంది" అనే చెబుతుంది.

దానికి బదులు దూరాన ఉన్న అన్నయ్యలూ అక్కయ్యలూ చేయగలిగే పని ఒకటుంది. మళ్లీ మళ్లీ చదవడం కన్నా, పుస్తకం మూసి గుర్తుచేసుకుని చెప్పడం వల్ల చదివింది ఎక్కువ నిలుస్తుంది. దీని మీద ఎన్నో పరిశోధనలు జరిగాయి. కానీ ఒంటరిగా కూర్చుని గోడకి చెప్పుకోవడం బోరు. మా పిన్ని కూతురు ఈ ఏడు టెన్త్. రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేసి, "కాంతి వక్రీభవనం మర్చిపోయానే, ఒకసారి చెప్పు" అంటాను. "అన్నయ్యా, ఇది కూడా రాకుండా ఇంజనీరింగ్ ఎలా పాసయ్యావు?" అని ఏడిపిస్తూ చెప్పేస్తుంది. పది నిమిషాలు, అంతే. ఎక్కడైనా ఆగిపోతే నేను అందించను. "పర్లేదు, చూసుకుని రేపు చెప్పు" అంటాను. మ్యాప్ పాయింటింగ్ ఫోన్లో కుదరదు కాబట్టి దాని జోలికి పోము, ఆ విషయంలో ఇద్దరికీ సంతోషమే.

నిద్ర సంగతి. గీత ఆరో అధ్యాయంలో 16, 17 శ్లోకాలు చూడండి. అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, మేలుకునే ఉండేవాడికీ యోగం కుదరదని ఉంటుంది. దాన్ని మనం ధ్యానం చేసేవాళ్లకే అనుకుంటాం. పగలు చదివింది జ్ఞాపకంగా గట్టిపడేది నిద్రలోనే అని సైన్స్ కూడా చెబుతోంది కాబట్టి, రాత్రి రెండింటిదాకా కూర్చుంటే చదివింది నిలవనివ్వకుండా చేసుకున్నట్టే. పైగా పరీక్ష ఉండేది పొద్దున తొమ్మిది, తొమ్మిదిన్నరకి. మెదడు బాగా పనిచేయాల్సింది ఆ టైములో. కాబట్టి పరీక్షలకి వారం పది రోజుల ముందే పడుకునే వేళ మెల్లగా ముందుకి జరపాలి. ఇది పిల్లకి చెబితే జరగదు. ఇంట్లో పదింటికి టీవీ కట్టేసి, లైట్లు తీసేసి, అందరూ పడుకుంటే జరుగుతుంది. ఐపీఎల్ ఫోన్లో చూసుకోండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని.

తిండి విషయంలో అమ్మలకి నేను చెప్పేదేముంది! ఎండాకాలం మొదలైంది కాబట్టి నీళ్లు, మజ్జిగ మర్చిపోకండి. పరీక్ష రోజు పొద్దున అలవాటైన టిఫినే పెట్టండి, ఆ రోజు ప్రయోగాలు వద్దు. సెంటర్ ఎక్కడో ముందురోజే బండి మీద వెళ్లి చూసి రావడం, హాల్ టికెట్, పెన్నులు, వాటర్ బాటిల్ రాత్రే సర్దడం, ఇవన్నీ గుర్రాలకి నీళ్లు పట్టడమే. ఎవరూ మెచ్చుకోరు, స్టేటస్ పెట్టుకునేంత గొప్పగానూ కనిపించవు.

ఇప్పుడు కాస్త కష్టమైన విషయం. భారతంలో ఇంకో సారథి కూడా ఉన్నాడు, శల్యుడు. రథం తోలడంలో కృష్ణుడికి సమానమనే దుర్యోధనుడు ఏరికోరి ఆయన్ని కర్ణుడికి సారథిగా పెట్టాడు. పగ్గాలు పట్టడంలో లోటేమీ లేదు, తంటా అంతా నోటితోనే. ధర్మరాజు ముందే అడిగిన మాట ప్రకారం, శల్యుడు దారిపొడవునా కర్ణుడి తేజోవధ చేశాడు. అందులో హంస, కాకి కథ ఒకటుంది. ఎంగిళ్లు తిని బలిసిన ఒక కాకి, నాకు నూటొక్క రకాలుగా ఎగరడం వచ్చని హంసతో పందెం కాసి, సముద్రం మీద రెక్కలు పడిపోయి మునగబోయింది. ఆ హంస అర్జునుడు, ఈ కాకివి నువ్వు అని, యుద్ధానికి వెళ్తున్నవాడికి చెప్పాడు!

మన ఇళ్లలో ఈ కథకి బోలెడు వెర్షన్లున్నాయి. "పక్క ఫ్లాట్ అబ్బాయి నాలుగింటికే లేస్తాడట." "మీ అక్కకి అప్పట్లో ఎన్నొచ్చాయో తెలుసా?" శల్యుడు కావాలనే చేశాడు, శత్రువుల కోసం చేశాడు. మనం ప్రేమతో చేస్తాం, తేడా అంతే. ఫీజు కట్టేదీ మనమే, పాలు కలిపి ఇచ్చేదీ మనమే, సెంటర్ దగ్గర ఎండలో నిలబడేదీ మనమే. అంత చేసీ ఒక్క పోలికతో అదంతా పోగొట్టుకుంటాం. హాస్టల్లో ఉన్న పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త. ఆదివారం కలవడానికి దొరికేది కాసేపు. కూర్చోగానే వీక్లీ టెస్టులో ర్యాంకెంత అని అడిగితే ఆ కాసేపూ దానికే సరిపోతుంది, తెచ్చిన గోంగూర పచ్చడి డబ్బా మూత కూడా తీయరు.

మొక్కుల గురించి కూడా ఒక మాట చెబుతాను, తిట్టుకోకండి. మొక్కు మంచిదే. పెన్నులు సరస్వతీదేవి పాదాల దగ్గర పెట్టించండి, కుదిరితే బాసర వెళ్లి రండి. కానీ "నీకు 550 దాటితే అలిపిరి నుంచి నడిచి వస్తానని మొక్కుకున్నాను రా" అని ఆ పిల్లాడితో అనకండి. మొక్కు మీకూ స్వామికీ మధ్య ఉండాల్సింది. వాడికి చెప్పిన క్షణం అది వాడి నెత్తిన ఇంకో సబ్జెక్టు అవుతుంది. సాయంత్రం దీపం పెట్టాక వాణ్ణి ఐదు నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకోండి. హనుమాన్ చాలీసా చదువుకోండి, లేదా ఊరికే కూర్చోండి. ఆ ఐదు నిమిషాల్లో పరీక్షల ఊసు రాకపోతే చాలు.

గీతలో రెండో అధ్యాయం 47వ శ్లోకం మనందరికీ నోటికొచ్చు. పని చేయడం మీదే నీకు అధికారం, ఫలితం మీద కాదు అని పిల్లలకి తెగ చెబుతాం. చెప్పేసి, వెంటనే "ఎన్ని వస్తాయనుకుంటున్నావు?" అని అడుగుతాం. ఈ మార్చిలో ఆ శ్లోకం ముందు మనకి వర్తిస్తుందేమో చూడండి. నీళ్లు పట్టడం మన పని. ఆ మార్కులు మన పనికి ఫలం కావు, మనకి వాటి మీద హక్కు లేదు.

పరీక్ష రాసి గేటు బయటికి రాగానే క్వశ్చన్ పేపర్ లాక్కుని "బిట్లు ఎన్ని కరెక్ట్?" అని లెక్క తీయడం ఒక అలవాటు. రాసేసిన పేపర్ని ఇక ఎవరూ మార్చలేరు, తర్వాతి పేపర్ మాత్రం ఇంకా చేతిలో ఉంది. చెరుకురసం తాగించి ఇంటికి తీసుకురండి. కీ అంతా చివరి పరీక్ష అయ్యాక చూసుకోవచ్చు.

చివరగా, సరదాగా చెప్పలేని విషయం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తర్వాత ఫెయిలైనవాళ్ల పేపర్లు మళ్లీ చూస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా అని వచ్చింది, సరిచూస్తే 99. మెమో మీద అంకె తప్పు కూడా కావచ్చు. తప్పు కాకపోయినా రీకౌంటింగ్ ఉంది, సంవత్సరం పోకుండా సప్లిమెంటరీ ఉంది. ఈ మాట ఫలితాల రోజు చెబితే ఓదార్పులా వినిపిస్తుంది, అందుకే ఇప్పుడే, మామూలుగా అన్నం తింటున్నప్పుడు చెప్పండి: "తప్పితే ఏం చేయాలో నాకు తెలుసు, ఇద్దరం కలిసి చేద్దాం."

ఎవరైనా మాట తగ్గించేసినా, తిండీ నిద్రా పూర్తిగా మారిపోయినా, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాట నవ్వుతూ అన్నా, దాన్ని డ్రామా అనుకోవద్దు. పక్కన కూర్చుని సూటిగా అడగండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమో అని భయం వద్దు. అడగడం వల్ల అలా జరగదు, చెప్పుకునే దారి దొరుకుతుంది. వాళ్లని ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ నంబర్ 14416, ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లలే కాదు, ఏం చేయాలో తోచని అమ్మానాన్నలూ చేయొచ్చు. ఆ నంబర్ ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకోండి.

ఫలితాలు వచ్చే రోజు తెలియగానే మీ మేనేజర్‌కి లీవ్ పెట్టేయండి. ఊళ్లో ఉంటే మరీ మంచిది, కుదరకపోతే కనీసం ఫోన్ దగ్గరుండండి.

వచ్చే శనివారం వీడియోలో రెండో భాగం. అటు పాంచజన్యం వినిపిస్తోంది గానీ గాండీవం చప్పుడు వినిపించక ధర్మరాజు కంగారుపడిపోవడం, సాత్యకిని పంపడం చెప్పుకుందాం. అప్పటిదాకా సెలవు. జై శ్రీకృష్ణ!