ఇంటి రంగులలో సీసము: ప్రమాదమును గుర్తించు విధము

సీసము కలిసిన రంగు గోడనో తలుపునో గట్టిగా అంటియున్నంతకాలము దానివలన కలుగు హాని స్వల్పము. అది పొడియై నేలమీదికి రాలినపుడు అపాయము మొదలగును. ప్రాకుచు తిరుగు శిశువు ధూళి అంటిన చేతిని నోటిలో పెట్టుకొనును. అట్లు లోనికి పోయిన సీసములో, పెద్దలకంటె పిల్లల శరీరము ఎక్కువ భాగమును గ్రహించును. దానివలన మెదడునకు కలుగు నష్టము తిరిగి పూడునది కాదు. ఇంతవరకు హాని లేదని చెప్పదగిన పరిమితి యేదియు కనుగొనబడలేదు.

ఇంటిని పరీక్షించువారు మొదట తెలిసికొనవలసినది రంగు వేసిన కాలము. గృహములకు వాడు రంగులలో సీసము పదిలక్షల భాగములకు 90 భాగములను మించరాదని భారత ప్రభుత్వము 2016లో నిబంధనలను ప్రకటించినది. అవి 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చినవి. అంతకు పూర్వపు రంగు ఉన్నచో, పైన ఎన్ని క్రొత్త పూతలు వేసినను, దానిని అనుమానింపవలసినదే. వట్టి సున్నము వేసిన గోడలకు ఈ చింత లేదు. నూనెరంగులను, అందునను పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామెళ్లను శ్రద్ధగా చూడవలెను. గాఢమైన పసుపు వన్నెకు లెడ్ క్రోమేటు అను సీసపు లవణమును వాడుచుండెడివారు. తెలుగువారి ఇండ్లలో గడపకు పసుపు రాయుటకు మారుగా పసుపు ఎనామెలు వేయు అలవాటు పెక్కుచోట్ల కలదు. దినమంతయు కాళ్లు ఒరయు ఆ గడపమీదనే పిల్లలు కూర్చుందురు! కిటికీ రెక్కలు చట్రమునకు రాచుకొను అంచులు, త్రుప్పు పట్టకుండ ఎఱ్ఱని పూత పూసిన ఇనుపకమ్ములు, చెమ్మకు పొక్కులెత్తిన గోడలు కూడ ఇట్టివే.

కంటికి పొలుసు కనబడును గాని సీసము కనబడదు. రంగుముక్కను అడుగుపూతవరకు తీసి ప్రయోగశాలకు పంపినగాని నిశ్చయము కలుగదు. అంగడిలో దొరకు పరీక్షాసాధనములను పూర్తిగా నమ్మరాదు.

పండుగకో పెండ్లికో రంగులు వేయించునపుడు పాత పూతను ఉప్పుకాగితముతో పొడిగా రుద్దించుటయే మిక్కిలి ప్రమాదకరము. ఒక్క పూటలో ఇల్లంతయు సీసపు ధూళితో నిండును. మంటతో కాల్చి తీయుటయు తగదు. తడిపి రుద్దవలెను, పని ముగియువరకు పిల్లలను, గర్భిణులను వేరొక ఇంట ఉంచవలెను, పిమ్మట చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడువవలెను.

సీసము సోకిన బిడ్డ పైకి ఆరోగ్యముగనే కనబడవచ్చును. రక్తపరీక్ష యొక్కటే ఆధారము. డెసిలీటరు రక్తములో 5 మైక్రోగ్రాములుగాని అంతకు మించిగాని ఉన్నచో సీసము వచ్చు మూలమును వెదకి తొలగింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది. ఇంటిలో పాత రంగు గీకించిన సంగతిని తల్లిదండ్రులే వైద్యునికి చెప్పవలెను. చెప్పనిదే ఆయనకు ఆ ఊహ తోచకపోవచ్చును.